గాలి మాకు నేర్పిన పాఠం

వార్షికోత్సవ సంచికకు మా బ్యాచి తరఫున నాలుగు మాటలు రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలంటే అందరూ రాసేవి ఎలాగూ ఉంటాయి. నీళ్ళ సాంబారు, ఆదివారం గుడ్డు, ట్రంకుపెట్టె తాళం పోగొట్టుకుని పడిన తిప్పలు, స్టడీ అవర్లో కునికిపాట్లు. అవన్నీ మీకూ తెలిసినవే. అందుకని మేము ఈసారి గాలి గురించి రాద్దామనుకున్నాం. నవ్వకండి. మేమంతా ఇవాళ ప్రాణాలతో ఉండి ఈ నాలుగు మాటలు రాస్తున్నామంటే ఆ గాలిని మాకంటే ముందు అర్థం చేసుకున్న ఒక మనిషి వల్లనే.

మేము 1989-90లో పదో తరగతి చదివిన బ్యాచి. కావలికి తూర్పున, సముద్రపు హోరు రాత్రిపూట వినపడేంత దూరంలో మన సాంఘిక సంక్షేమ వసతి గృహం. అప్పట్లో ఇప్పటి డాబా లేదు. రెండు పొడవాటి గదులు, పైన సిమెంటు రేకులు, దక్షిణం వైపు వసారా, వెనక వంటగది. వంటగది పక్కన సరుకుల గది ఒక్కటే స్లాబు వేసిన గది. బియ్యం తడవకూడదని దానికి స్లాబు వేశారు. పిల్లలు తడిసినా ఆరతారు గదా అని మేము జోకులేసుకునేవాళ్ళం.

1989 నవంబరు మొదటి వారంలో థాయిలాండ్ దగ్గర సముద్రంలో ఒక తుఫాను పుట్టింది. దానికి గే అని పేరు. నవంబరు 3న అది సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడను బోల్తా కొట్టించింది. అందులో 91 మంది పోయారు. మరునాడు థాయిలాండ్ నేలను దాటి, అక్కడ వందల మందిని పొట్టన పెట్టుకుని, మళ్ళీ బంగాళాఖాతంలో బలం పుంజుకుని నేరుగా మన కావలి మీదికి వచ్చింది. ఇవన్నీ మేము తర్వాత తెలుసుకున్న సంగతులు. ఆ రోజు మాకు తెలిసింది ఒక్కటే, బడికి సెలవిచ్చారని.

నవంబరు 8 రాత్రి గాలి ఉత్తరం నుంచి మొదలైంది. మొదట బట్టలారేసే తీగ పాడింది. ఆ తీగ మామూలు గాలికి సన్నగా కూస్తుంది. ఆ రాత్రి కూత పెరిగి పెరిగి కేక అయింది, తర్వాత తీగే తెగిపోయింది. ఉత్తరం వైపు కిటికీలకు మంచాలు అడ్డం పెట్టి, వాటికి మేము వీపులు ఆనించి కూర్చున్నాం. అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చెవులు గడలుపడినట్టయ్యాయి. ఆకాశంలో ఒకటి రెండు చుక్కలు కూడా కనపడ్డాయి. అయిపోయిందిరా అని కేకలేసుకుంటూ మాలో పదిమందిమి బయటికి ఉరికాం. కొట్టుకుపోయిన పళ్ళాలు, దుప్పట్లు ఏరుకోవాలని మా ఆత్రం.

అప్పుడు మా వాచ్‌మన్ తాత లాంతరు పట్టుకుని అరిచాడు. "రేయ్ పిలకాయలా, లోపలికి రాండిరా! గాలి పోలా, ఇప్పుడు తిరగబడతాది. దక్షిణం నుంచి వస్తాది. ఆ రేకుల కింద ఒక్కడు కూడా ఉండొద్దు, సరుకుల గదిలోకి దూరండి" అన్నాడు. ఇంకా నిలబడి చూస్తున్నవాళ్ళ వీపు మీద రెండు తగిలించాడు కూడా. బియ్యం బస్తాల మీద, పప్పు డబ్బాల మధ్య, ఒకరి మీద ఒకరం ఎనభై మందిమి ఆ చిన్న గదిలో ఇరుక్కున్నాం. అరగంట కూడా గడవలేదు. తాత చెప్పినట్టే గాలి దక్షిణం నుంచి కొట్టింది. వసారా తలుపు గడియ ఊడి ఫట్‌మన్న చప్పుడు వినపడింది. ఆ వెనకే, పెద్ద సంచిని చించినట్టు ఒక చప్పుడు. తెల్లవారి చూస్తే పడుకునే గదులకు కప్పు లేదు. రేకులు చెరువుకట్ట అవతల పడి ఉన్నాయి. గోడలు మాత్రం నిలబడే ఉన్నాయి. చివరగా గదిలోకి దూరినవాడి మోకాలికి రేకు ముక్క తగిలి కోసుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వాడే మాలో ఎక్కువ నవ్వేవాడు.

ఇళ్ళకు నడిచి వెళితే మా కాలనీల్లో గుడిసెలు లేవు. ఇంటి గుర్తుగా పొయ్యిరాళ్ళు మిగిలాయి. మా అమ్మానాన్నలు ఊరి బడిలో తలదాచుకుని బతికారు. అందరి అమ్మానాన్నలకూ ఆ అదృష్టం దక్కలేదు. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయలేం.

ఆ రోజు నుంచి రెండు ప్రశ్నలు మాతో ఉండిపోయాయి. గాలి ఆగాక తిరగబడుతుందని తాతకు ఎట్లా తెలుసు? గోడలు నిలబడి ఉంటే కప్పు ఎట్లా ఎగిరింది?

మొదటిదానికి జవాబు తాతే చెప్పాడు. 1927లో నెల్లూరును ముంచిన తుఫాను గురించి ఆయన తండ్రి చెప్పేవాడట. తుఫాను కన్ను పైనుంచి దాటేటప్పుడు గాలి నిలుస్తుంది, ఆ తర్వాత ఎదుటి దిక్కు నుంచి మళ్ళీ వస్తుంది అని. తర్వాత కాలేజీలో చదివాం. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. సుడి పడమరకు కదిలి మన మీదికి వచ్చేటప్పుడు మనకు దాని ముందు అంచు తగులుతుంది, గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. నడిమి కన్ను దాటాక వెనక అంచు తగులుతుంది, గాలి దక్షిణం నుంచి వీస్తుంది. బడి ముఖం చూడని తాతకు మా భూగోళం పుస్తకంలో లేని పాఠం వచ్చు.

రెండో ప్రశ్నకు జవాబు దొరకడానికి ఏళ్ళు పట్టింది. మాలో ఒకడు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాడు. ఇద్దరు సెంట్రింగు పనికి వెళ్ళి ఎత్తయిన కట్టడాలన్నీ ఎక్కారు. ఒకడు ఫిజిక్స్ మాస్టారయ్యాడు. కలిసినప్పుడల్లా ఈ సంగతే మాట్లాడుకుని, తలా ఒక ముక్క చేర్చి అర్థం చేసుకున్నాం.

మొదట మేము కూడా చాలామంది అనుకునేదే అనుకున్నాం. తుఫానులో బయట వాతావరణ పీడనం పడిపోతుంది, ఇంట్లో పీడనం ఎక్కువుంటుంది, అందువల్ల ఇల్లు బెలూన్‌లా పగులుతుంది అని. లెక్క చూస్తే భయం పుట్టేదే. మన నెత్తిమీద గాలి చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల బరువుతో ఉంటుంది. దాన్నే 1013 హెక్టాపాస్కల్స్ అంటాం. తుఫానులో పీడనం 60 హెక్టాపాస్కల్స్ తగ్గితే చదరపు మీటరుకు 600 కిలోల తేడా. కానీ ఇల్లు మూత బిగించిన డబ్బా కాదు. పీడనం గంటల తరబడి మెల్లగా పడుతుంది. ఈలోపు తలుపు సందుల్లోంచి, రేకుల సందుల్లోంచి గాలి బయటికి పోయి లోపలా బయటా సమానమైపోతుంది. ఇల్లు పగలడానికి కారణం ఆ పీడనం కాదు. ఆ పీడనం తేడా వల్ల పుట్టి పరుగెత్తే గాలి. పీడనం తగ్గితే ఇంకో ముప్పు మాత్రం ఉంది. ఒక్కో హెక్టాపాస్కల్‌కు సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. గాలి నెట్టే ఉప్పెన దీనికి అదనం.

పరుగెత్తే గాలికి అడ్డంగా గోడ నిలబడితే ఎంత ఒత్తిడి? మన దేశపు కట్టడాల ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగంలో దీనికి సులువైన సూత్రం ఉంది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 25 మీటర్లు, ఒత్తిడి 375 న్యూటన్లు, అంటే 38 కిలోల బరువు. గాలి 180 కిలోమీటర్లయితే 1500 న్యూటన్లు, 150 కిలోల పైమాటే. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు. ఆ ప్రమాణంలో నెల్లూరుకు ఇచ్చిన వేగం సెకనుకు 50 మీటర్లు. హైదరాబాదుకు 44. 1989లో మన మీదికి వచ్చిన గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది.

ఇక కప్పు సంగతి. గాలి గోడను నెడుతుంది గానీ కప్పును పైకి లాగుతుంది. కప్పు అంచు మీదుగా ఎగిరిన గాలి కింద ఖాళీ వదిలేస్తుంది, అక్కడ పీడనం తగ్గి రేకును పైకి పీలుస్తుంది. మూలల దగ్గర, అంచుల దగ్గర ఈ పీల్పు మరీ ఎక్కువ. అయినా తలుపులు మూసి ఉన్నంతసేపు రేకులు ఓర్చుకున్నాయి. గాలి వచ్చే వైపు తలుపు ఊడగానే గాలి గదిలోకి దూరి లోపలినుంచి కూడా నెట్టింది. బయటి లాగుడు, లోపలి నెట్టుడు కలిస్తే 180 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు 220 కిలోల దాకా పైకి ఎత్తే బలం. సిమెంటు రేకు బరువు చదరపు మీటరుకు 15 కిలోల అటూ ఇటూ. ఇనుప రేకయితే 5 కిలోల చిల్లర. మా కప్పును నిలబెట్టింది దాని బరువు కాదు, వసారా తలుపు గడియ. అది పోగానే కప్పూ పోయింది.

ఎత్తయిన కట్టడాల దగ్గర ఈ గాలి ఇంకో రకంగా ఆడుకుంటుంది. నేల దగ్గర చెట్లు, ఇళ్ళు గాలికి అడ్డం పడతాయి. పైకి పోయేకొద్దీ దానికి అడ్డు లేదు. బయలు నేలకు ఇంజనీర్లు వాడే మోటు లెక్క ప్రకారం 10 మీటర్ల ఎత్తున 100 ఉన్న గాలి 80 మీటర్ల ఎత్తున 135 దాకా, 275 మీటర్ల ఎత్తున 160 దాకా ఉంటుంది. వేగాన్ని వర్గం చేయాలి గనక ఒత్తిడి ఇంకా ఎక్కువ పెరుగుతుంది.

ఈ లెక్కలు చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన తీరాన్నే ఉన్నాయి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యన శ్రీహరికోటలో రాకెట్టును నిలువుగా నిలబెట్టి జోడించే భవనం 80 మీటర్ల పైన ఎత్తుంటుంది. 2005 మే 5న పి.ఎస్.ఎల్.వి. సి-6తో రెండో ప్రయోగ వేదిక మొదలైనప్పుడు మాలో సెంట్రింగు పనికి పోయినవాళ్ళు దాని ఫొటో పేపర్లో చూసి మురిసిపోయారు. 1984 నవంబరు తుఫాను అదే శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. అలాంటి చోట అంత ఎత్తు కట్టడం నిలబెట్టారు. ప్రయోగానికి ముందు బెలూన్లు వదిలి పై గాలులు ఎంతెంత ఉన్నాయో కొలుస్తారు. అంత రాకెట్టు కూడా గాలిని అడిగే బయలుదేరుతుంది. సూళ్ళూరుపేట ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ గాలికి జిల్లాల హద్దులు లేవు.

కృష్ణపట్నం దగ్గర నేలటూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. మనలాంటి ఇంట్లో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు ఆయన. అటుగా బస్సులో పోయేటప్పుడు ఆ పేరు చూసి మేము పిల్లలకు చూపిస్తుంటాం. 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు యూనిట్లకు పొగగొట్టం 275 మీటర్లు ఉండాలని చాలా ఏళ్ళు నిబంధన ఉండేది. అంత ఎత్తు గొట్టాన్ని గాలి ముందుకు నెట్టడమే కాదు, పక్కలకు కూడా ఊపుతుంది. గుండ్రటి కట్టడాన్ని దాటిన గాలి దాని వెనక ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు సుడులు వదులుతుంది. సుడి వదిలిన ప్రతిసారీ కట్టడానికి పక్కకు ఒక తోపు. ఆ తోపుల లయ కట్టడం సొంత ఊపు లయతో కలిసిందా, ఉయ్యాలను సరిగ్గా సమయానికి నెట్టినట్టు ఊపు పెరిగిపోతుంది. మన హాస్టల్ తీగ పాడింది కూడా ఈ సుడుల వల్లే. తీగ సన్నం గనక సెకనుకు వందల సుడులు పడి మన చెవికి కూతలా వినపడింది. 20 మీటర్ల మందం గొట్టానికి సెకనుకు 20 మీటర్ల గాలి తగిలితే అయిదు సెకన్లకు ఒక ఊపు. అదీ పాటే, మన చెవికి అందదు. ఇనుప పొగగొట్టాలకు పై భాగంలో చుట్టూ మెలికగా రెక్కలు బిగించి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ సుడులు ఒక్క లయలో పడకుండా చెదరగొట్టడానికే అవి.

ఈ విషయంలో పెద్ద దేశాలు కూడా దెబ్బతిన్నాయి. ఇంగ్లండులో ఫెర్రీబ్రిడ్జ్ అనే చోట 1965 నవంబరు 1న ఎనిమిది కూలింగ్ టవర్లలో మూడు గాలికి కూలిపోయాయి. చిత్రమేమిటంటే కూలినవి గాలికి ఎదురుగా ఉన్న ముందు వరసవి కాదు, చాటున ఉన్న వెనక వరసవి. ముందు టవర్ల సందుల్లోంచి గాలి ఒరుసుకుంటూ వచ్చి వెనకవాటిని కొట్టింది. ఒక్కో టవరును విడిగా చూసి లెక్క వేశారు తప్ప పక్కవాటితో కలిపి చూడలేదు. నిమిషం సగటు గాలి చూశారు, ఒక్క క్షణం వచ్చే విసురును చూడలేదు. మన విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పెద్ద భవనాల అస్థిపంజరాలు చెక్కుచెదరలేదు. అద్దాలు, రేకులు, బోర్డులు, విమానాశ్రయం పైకప్పు దెబ్బతిన్నాయి. గాలి ఎప్పుడూ బలమైన చోటు జోలికి పోదు, బిగించని చోటునే వెతుక్కుంటుంది.

ఇంత కథ ఎందుకు చెప్పామంటే, ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమంతా తలా కొంత వేసుకుని కొంత సొమ్ము జమచేశాం. రోడ్డు మీదికి కనపడేట్టు గేటు దగ్గర పెద్ద ఆర్చి కట్టి హాస్టల్ పేరు రాయించాలన్నది మాలో చాలామంది కోరిక. ఆ కోరికను మేము తప్పుపట్టం. "హాస్టల్ పిల్లలంట" అని పెదవి విరిచిన మాటలు మేమూ పడ్డాం. ఆ పేరు తలెత్తుకుని చదివేంత ఎత్తున ఉండాలని ఎవరికుండదు?

అయితే ఆ ముచ్చట కోసం వచ్చిన రోజు కొత్త భోజనాల షెడ్డు చూశాం. మన సెంట్రింగు మేస్త్రీ నిచ్చెన వేసి పైకెక్కి దిగి వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది. రేకులకు ఒక హుక్కు ఉంటే రెండు లేవు. ఉన్నవి చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. పైపులు స్తంభాలకు అతికించినట్టున్నాయి, కట్టినట్టు లేవు. తలుపుకు ఒకే గడియ. ఎవరూ ఏమీ అనలేదు. మోకాలి మీద మచ్చ ఉన్నవాడు మాత్రం ప్యాంటు కొంచెం పైకి లాగి చూపించాడు. ఈసారి వాడు నవ్వలేదు.

అక్కడే కూర్చుని లెక్క వేసుకున్నాం. ఆర్చి మీద ఆరు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు ఎత్తు బోర్డు పెడితే తొమ్మిది చదరపు మీటర్లు. 180 కిలోమీటర్ల గాలికి దాని మీద 1350 కిలోల తోపు. పిల్లలు రోజూ నడిచే గేటు మీద అది. ఇక్కడ షెడ్డు కింద కూర్చునేది మూడుపూటలా అదే పిల్లలు. చర్చ చాలాసేపు సాగింది, గొంతులు కూడా పెరిగాయి. చివరికి ఆర్చి ఆగింది. సొమ్మంతా షెడ్డుకు.

వార్డెన్ సారు అనుమతితో చేయబోయే పనులు ఇవి. రేకు రేకుకూ కొత్త హుక్కులు, అంచుల్లో, మూలల్లో రెండింతలు దగ్గరగా. పైపులను స్తంభాలకు నట్టుబోల్టులతో బిగింపు, స్తంభాలను పునాదికి. రేకు నుంచి పునాది దాకా ఇది ఒక గొలుసు, ఒక లంకె ఊడితే మొత్తం ఊడినట్టే. అన్ని తలుపులకూ పైనా కిందా గడియలు. మేడ మీద ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకుకు ఇనుప పట్టీలు. కప్పు మీదికి వంగిన కొబ్బరిమట్టలు కొట్టించడం. ఏవీ ఫొటోలో కనపడేవి కావు.

తమ్ముళ్ళూ, మీకు నాలుగు మాటలు. తుఫాను హెచ్చరిక వస్తే ట్యాంకు నిండా నీళ్ళు పట్టండి, బరువుకు కదలదు. గాలి వచ్చే వైపు తలుపులు, కిటికీలు తెరవకండి. రేకుల కింద ఉండకండి, స్లాబు కిందికి పోండి, తుఫాను షెల్టరుకు పొమ్మంటే వెంటనే పోండి. గాలి ఆగిందని బయటికి ఉరకకండి, అది తిరగబడుతుంది.

మన నెల్లూరు రంగనాయకుల గుడి ముందు పెన్న ఒడ్డున గాలిగోపురం ఉంది గదా. అంతస్తు అంతస్తుకూ మధ్యలో గాలి పోవడానికి దారి వదిలిన కట్టడం అది. ఎప్పటికైనా మీలో ఎవరైనా ఆర్చి కడితే అట్లా కట్టండి. రేకు బోర్డు వద్దు. ఇనుప అక్షరాలు విడివిడిగా నిలబెట్టి, మధ్యలోంచి గాలి పోనివ్వండి. అక్షరాలు నిలిస్తే చాలు.

వాచ్‌మన్ తాత పోయి చాలా కాలమైంది. రిటైరయ్యేదాకా ఆయనకు మేమెవరం కృతజ్ఞత చెప్పలేదు. ఆ వయసులో తోచలేదు. షెడ్డు పని పూర్తయ్యాక సరుకుల గది తలుపు పక్కన గోడ మీద ఆయన మాట ఒక్కటి రాయించాలని అనుకున్నాం. పేరు, తేదీ ఏమీ వద్దు. "గాలి పోలా, లోపలికి రాండిరా" అని మాత్రం ఉంటే చాలు. చదివిన పిల్లలు ఇదేందని అడుగుతారు. అప్పుడు ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు.